మందు మార్చిన డాక్టరు

అమెరికాలో గోధుమ పొలాల మధ్య హార్మన్ క్రీక్ అనే చిన్న ఊళ్లో వెండెల్ క్రేన్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన హస్తవాసి మంచిదే కానీ, రాజకీయాల్లోకి వెళ్లాక ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడమంటే తల కొట్టేసినట్టుగా బాధపడేవాడు.

వైద్యం చేసే రోజుల్లో ఆయనకు ఈ పంతం లేదు. మందు పనిచేయకపోతే, "ఇది నీకు పడలేదమ్మా, మారుద్దాం," అని పాత చీటీ చించేసి కొత్తది రాసేవాడు. అందుకే జనం నమ్మి రాష్ట్ర శాసనసభకు పంపారు. ప్రభుత్వం ఎంత తక్కువ కలగజేసుకుంటే జనం అంత బాగుంటారని ఆయన మనస్ఫూర్తిగా నమ్మేవాడు. అందులో కపటం లేదు. "చిన్న ఊళ్లలో ప్రభుత్వ అంబులెన్సులు ఎత్తేయిస్తాను. ఏ ఊరి పని ఆ ఊరే చూసుకుంటుంది," అని ఎన్నికల్లో మాటిచ్చాడు. గెలిచాక అన్నంత పనీ చేశాడు. ఏడాది చూసి, ఆ తర్వాత శాశ్వతం చేద్దామని సభ ఒప్పుకుంది.

ఊరు తన పని తాను చూసుకోవాలనే అనుకుంది, పాపం. కానీ కోతల కాలంలో అందరూ పొలాల్లో ఉన్నారు, రోగుల్ని తీసుకెళ్లే ఊరి బండి నడిపేవాళ్లు దొరకలేదు. ఆ రోజుల్లోనే నీల్స్ అనే ముసలి రైతుకు పక్షవాతం వచ్చింది. పట్నం నుంచి అంబులెన్సు రావడానికి గంట పైనే పట్టింది.

సంగతి తెలిసి క్రేన్ పరామర్శకు వెళ్లాడు. నీల్స్ భార్య దగ్మర్ ఆయనకు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ప్రాణం దక్కింది," అంది. "మీ మాట నిలబడింది డాక్టరు గారూ. మా ఆయన మాటే పడిపోయింది."

క్రేన్ కప్పు కింద పెట్టాడు.

"దీన్ని శాశ్వతం చేయడానికి వచ్చే వారమే సభలో ఓటింగమ్మా. ఇప్పుడు వద్దంటే మాట తప్పాడంటారు."

"నా బీపీకి మీరు మూడుసార్లు మందు మార్చారు. అప్పుడు మాట తప్పారని నేనన్నానా?"

క్రేన్ లేచి తిన్నగా పార్టీ ఆఫీసుకు వెళ్లి, అంబులెన్సులు తిరిగి పెట్టిస్తానని చెప్పాడు.

"ఎన్నికల ముందు మాట మారిస్తే ఇక గెలిచినట్టే," అని పార్టీవాళ్లు వెటకారం చేశారు. అయినా క్రేన్ సభలో లేచి నిలబడ్డాడు.

"ప్రభుత్వం తక్కువగా ఉండాలనే ఇప్పటికీ అంటాను. కానీ ఈ మందు రాసింది నేను. రోగికి పడలేదు. దయచేసి మార్చండి," అన్నాడు. నాలుగు ఓట్ల తేడాతో అంబులెన్సులు తిరిగి వచ్చాయి.

పార్టీవాళ్లు అన్నట్టే ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. బాధపడ్డాడు కూడా. నెల తర్వాత మళ్లీ క్లినిక్ తెరిస్తే, మొదటి రోజే దగ్మర్ భర్తను చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. క్రేన్ చీటీ రాయబోతుంటే నీల్స్ పెదవులు కదిపాడు. ఇన్నాళ్లకు నోరు పెగిలింది.

"మందు... మార్చు," అన్నాడు కొంటెగా.

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే డాక్టరు కళ్లు తుడుచుకున్నాడు.

నీతి: తప్పని తెలిశాక మాట మార్చుకోవడంలో చిన్నతనం లేదు, సాటి మనిషి ప్రాణం కన్నా మన పంతం పెద్దది కాదు.