పెట్టె అడుగున చిల్లు

ఏడుకొండలు అంత గట్టిగా మూసిన పెట్టెలోకి నీళ్లెలా వచ్చాయో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. రేవులో జనం ఈ మాటే అనుకుని నవ్వుకున్నారు గానీ, అతనికి మాత్రం నవ్వు రాలేదు.

గోదావరికి వరదొస్తే, నది మధ్య దిబ్బల మీదున్న లంక ఊళ్ల జనాన్ని ఒడ్డుకు చేర్చే పెద్ద పడవ ఒకటుంది. దాన్ని మోసే ట్రైలరు ముందు భాగాన వించి బిగించారు. బ్యాటరీతో తిరిగే మోటారు, దానికి చుట్టుకునే ఇనప తాడు, అంతే వించి అంటే. రేవులో గట్టు నిటారుగా ఉంటుంది, పైగా జారుడు మట్టి. ముసలీ ముతకా ఎక్కలేరు. అందుకని మనుషులు పడవలో ఉండగానే, వించితో పడవని ట్రైలరు మీదికి లాగేస్తారు. ఆ వించి వైరింగంతా ఏడుకొండలు చేతిపనే. వానలో అది అప్పటికే రెండుసార్లు మొరాయించింది. రెండోసారైతే పడవ సగం దూరం వచ్చి వెనక్కి జారింది. ఒక ముసలమ్మ నీళ్లలో పడిపోయింది. పక్కవాళ్లు చీర కొంగు పట్టుకుని లాగబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో.

మరో వాన వెలిశాక, వైర్లన్నీ కలిసే పెట్టె విప్పి చూస్తే మళ్లీ గ్లాసెడు నీళ్లు. ఏడుకొండలుకి ఒళ్లు మండిపోయింది. ఆ పెట్టెకి అతను చెయ్యని సేవ లేదు. మొదట మూతకి రబ్బరు వేశాడు. ఒకసారి ఆగాక సందులన్నీ సిలికాన్‌తో పూడ్చి, పైన టేపు చుట్టాడు. రెండోసారి ఆగాక సైకిలు ట్యూబు కోసి బిగించి, దాని మీద ప్లాస్టిక్ సంచీ కట్టాడు. చంటిబిడ్డకి కూడా ఎవరూ అన్ని గుడ్డలు చుట్టరు. ఇక గాలి కూడా దూరదని రేవంతా చెప్పుకు తిరిగాడు.

ఈలోగా మళ్లీ వరద కబురొచ్చింది. మర్నాడు పొద్దున్నే పడవ లంకకి వెళ్లాలి. ఆ లంకలో ఏడుకొండలు అక్క నూకరత్నం ఉంది. నెలలు నిండాయి, ఇవాళో రేపో అన్నట్టుంది. మొగుడు పడవ నడిపేవాళ్లలో ఒకడు. అక్క కూర్చున్న పడవ గట్టు సగంలో ఆగిపోతే ఏమవుతుందో తల్చుకునేసరికి ఏడుకొండలుకి అన్నం సయించలేదు. కట్టుకొచ్చిన క్యారేజీ మూత కూడా తియ్యకుండా, ట్రాక్టరుకి ట్రైలరు తగిలించుకుని తిన్నగా జిలానీ ఉస్తాద్ షెడ్డుకి పోయాడు.

ఆ షెడ్డులోనే అతను పని నేర్చుకున్నాడు. సొంత కొట్టు పెట్టుకున్నాక మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఉస్తాద్ ఆ మాటేమీ ఎత్తలేదు. ముక్కాలిపీట జరిపి కూర్చోమన్నాడు. ఏడుకొండలు కూర్చోకుండానే మొదలుపెట్టాడు. తను వాడిన సిలికాన్ రకం చెప్పాడు, టేపు పేరు చెప్పాడు, ఎన్ని చుట్లు చుట్టాడో చెప్పాడు. ఇంతకన్నా గట్టిగా అతికేది పట్నంలో ఏదైనా దొరుకుతుందా అని అడిగాడు.

ఉస్తాద్ అంతా విని, అతని చేతిలోని క్యారేజీ ఇటివ్వమన్నాడు. ఆకలేసిందేమో అనుకుని ఏడుకొండలు ఇచ్చాడు. ఉస్తాద్ పై గిన్నె మూత తీసి, దాన్ని తిరగేసి శిష్యుడి ముందు పట్టుకున్నాడు. పొద్దున వేడి అన్నం పెట్టి బిగించిన మూత అది. లోపలి వైపంతా నీటిబొట్లు. ఒకదాంతో ఒకటి కలిసి జారి, ఉస్తాద్ మణికట్టు మీదుగా కారాయి.

"ఇందులో వాన ఎప్పుడు పడింది ఏడుకొండలూ?"

ఏడుకొండలుకి లోడు లాగి లాగి వేడెక్కే మోటారు గుర్తొచ్చింది. దాని కిందే ఆ వేడికి కాగే పెట్టె గుర్తొచ్చింది. ఆ వేడి మీద చల్లటి వాన పడితే పెట్టె ఎలా ఊపిరి లోపలికి లాక్కుంటుందో, వెంట్రుకంత సందులోంచి ఎలా తడి పీల్చుకుంటుందో, పీల్చుకున్నది బయటికి పోయే దారిలేక ఎలా అక్కడే కూర్చుంటుందో అతని కళ్ల ముందు కదిలింది. ఆ దారులన్నీ తన చేత్తో తనే మూశాడు.

ఉస్తాద్ అప్పటికే లేచి ట్రైలరు దగ్గరికి పోయాడు. సంచీ, ట్యూబు, టేపు అన్నీ ఒలిచి పారేశాడు. మోటారు నుంచి తిన్నగా పెట్టె నెత్తిన దిగుతున్న వైర్లు ఊడదీశాడు. వాటిని పెట్టె కన్నా కిందికి ఉయ్యాలలా వేలాడదీసి, అక్కణ్ణుంచి పైకి తిప్పి, అడుగు నుంచి లోపలికి పంపాడు. పాత కన్నాలు పూడ్చి, వైర్ల కొసలకి గ్రీజు పూసి, పెట్టె మీద టైరు ముక్కతో చిన్న చూరు కట్టాడు. ఆఖర్న డ్రిల్లు తీసుకుని పెట్టె అడుగున చిల్లు పెట్టాడు.

ఏడుకొండలు వంగి ఆ చిల్లు చూశాడు. "ఉస్తాద్, రేపు ఆ పడవలో మా అక్క వస్తుంది," అన్నాడు.

"నేనూ వస్తాను," అన్నాడు ఉస్తాద్, డ్రిల్లు తుడుచుకుంటూ.

మర్నాడు వాన కాదది, ఆకాశానికి చిల్లులు పడ్డట్టే. గోదావరి ఎర్రగా, అవతలి గట్టు కనపడకుండా పారుతోంది. ఆ పారే చప్పుడుకి పక్కవాడి మాట వినపడటం లేదు. పడవ వచ్చి రేవుకి తగిలింది. నిండా జనం. మధ్యలో నూకరత్నం రెండు చేతులతో పొట్ట పట్టుకుని కూర్చుంది. కొక్కెం తగిలించారు. ఏడుకొండలు మీట నొక్కాడు. మోటారు మూలిగి, తాడు బిగుసుకుని, పడవ కదిలింది.

అతను పెట్టె పక్కనే బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ చిల్లు చూస్తే ప్రాణం నిలవలేదు. ఎంత నమ్ముదామన్నా మనసొప్పలేదు. ఎవరూ చూడటం లేదనుకుని బొటనవేలు దానికి అడ్డం పెట్టాడు.

భుజం మీద చెయ్యి పడింది. ఉస్తాద్ వంగి, నిద్రపోయే పిల్లాడి చేతిలోంచి ఆటబొమ్మ తీసినట్టు ఆ వేలు పక్కకి తీశాడు. చిల్లులోంచి రెండు చుక్కలు జారి బురదలో పడ్డాయి.

అప్పుడు చూశాడు ఏడుకొండలు. ఊళ్లకి ఊళ్లనే మింగే నీరు, మోటారు మీద పడి, వైరు పట్టుకుని కిందికి జారుతోంది. ఆ ఉయ్యాల అడుగుదాకా వచ్చి ఆగుతోంది. అక్కడ చుక్కయి, కాసేపు వేలాడి, రాలిపోతోంది. ఇంకొకటి వస్తోంది. అదీ రాలిపోతోంది. ఒక్కటంటే ఒక్క చుక్క పైకెక్కి పెట్టెలోకి పోవడం లేదు. ఎవరూ ఆపలేదు దాన్ని, ఎవరూ దానితో పోట్లాడలేదు. ఇన్నేళ్లూ వైర్లతోనే బతికినవాడు, వైరు చివర నీటిచుక్కని మొదటిసారి చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. చేతులు వాటంతట అవే జోడయ్యాయి, ఉస్తాద్‌కో గోదావరికో అతనికే తెలియలేదు.

మోటారు ఆగలేదు. పడవ ట్రైలరు మీదికి ఎక్కి, ముందున్న చెక్క దిమ్మకి ఆనుకుని నిలబడింది.

నూకరత్నాన్ని దింపి, రేవు పక్క రేకుల షెడ్డులో బల్ల మీద కూర్చోబెట్టారు. ఇల్లు కూలిపోయింది. తల్లిలా సాకిన గేదె కట్టుకొయ్యతో సహా కళ్ల ముందే కొట్టుకుపోయింది. ఆమె కంట్లో చుక్క లేదు. పళ్లు బిగబట్టి, ఎటో చూస్తూ కూర్చుంది. ఒళ్లంతా వణుకుతోంది. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఊరుకోమ్మా, ఏడవకూడదు, కడుపులో బిడ్డకి మంచిది కాదు అని వీపు నిమురుతున్నారు. ఆమె ఇంకా గట్టిగా బిగబట్టుకుంటోంది.

ఏడుకొండలు కూడా ఆ మాటే అనబోయాడు. నోటిదాకా వచ్చింది. తలెత్తితే, షెడ్డు చూరు కింద ఉస్తాద్ గోదావరి వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు, ఇటు తిరగను కూడా తిరగలేదు.

ఏడుకొండలు ఆడవాళ్లని కాస్త జరగమని చెప్పి, అక్క పక్కన కూర్చున్నాడు. ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు.

"ఏడ్చెయ్ అక్కా," అన్నాడు.