జ్వరం వెళ్ళే దారి

అనంతభొట్లు గారు వైద్యం చెప్పేటప్పుడు నాడి కంటే ముందు ఊళ్ళ దారులు నేర్పేవారు. రేవుపట్నంలో కొత్త జ్వరం దిగిందని కబురు రాగానే శిష్యుడు కూర్మారావును చుట్టుపక్కల ఊళ్ళకు పంపారు. జ్వరం మొదట ఏ ఇంట్లో పడింది, వాళ్ళు అంతకుముందు ఎక్కడికి వెళ్ళొచ్చారు అని అడిగి రమ్మన్నారు. కూర్మారావు కాళ్ళు బొబ్బలెక్కేదాకా తిరిగి వచ్చి, దిగాలుగా కూర్చుని అడిగాడు.

"ఈ జ్వరానికి మన దగ్గర మందే లేదు కదండీ. పాము ఎటు పోయిందో చెబితే విషం దిగుతుందా?"

 గురువుగారు తను కొత్తగా వైద్యం మొదలుపెట్టిన నాటి పెద్ద జ్వరాల ఏడాది సంగతి చెప్పారు.

ఆ జ్వరం రైలు దిగి, సంతల వెంట నడిచిందట. నీలంవలసలో ఇంటిల్లిపాదీ ఒక్కసారే మంచం పట్టారు. పొయ్యి వెలిగించే దిక్కు లేదు. సన్యాసమ్మ అనే ఆవిడ తను లేచేసరికే భర్తను పోగొట్టుకుంది. ఏటి అవతలి గుమ్మడిపేట వాళ్ళు దారికి ముళ్ళకంప కొట్టి, ఇటువాళ్ళను రానివ్వలేదు. కాని వాళ్ళూ నీలంవలసవాళ్ళు వెళ్ళిన సంతకే వెళ్ళొచ్చారని భొట్లుగారికి విచారిస్తే తెలిసింది. జ్వరం కంప దాటే ఉంటుందని, రేపో మాపో బయటపడుతుందని ఆయన నీలంవలసలో చెప్పారు. మన కష్టంలో గడప తొక్కనివాళ్ళకు మనమెందుకు వెళ్ళాలని కొందరన్నారు. అది న్యాయమే కూడా.

సన్యాసమ్మ మాత్రం, ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ వస్తుందా అని అడిగింది. ఇంతవరకూ తను చూడలేదని, రాదని ఒట్టు మాత్రం వెయ్యలేనని ఆయన చెప్పారు. ఆవిడ గంజికుండ తీసుకుని బయల్దేరింది. జ్వరం తగ్గిన మరికొందరు ఆవిడ వెనక నడిచారు.

కంప దగ్గర గుమ్మడిపేట పెద్ద లచ్చుంనాయుడు కర్ర అడ్డం పెట్టాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

"మా ఊళ్ళో జ్వరం కంటే దాహానికి పోయినోళ్ళే ఎక్కువ, నాయుడుబాబూ. నా పెనిమిటి నీళ్ళడిగితే లెగిసి ఇయ్యలేకపోనాను. మీ ఇళ్ళల్లో అలా జరక్కూడదని వొచ్చాను."

నాయుడు కర్ర దించాడు. తనే వంగి కంప పక్కకు లాగాడు.

జ్వరం వచ్చింది. నాయుడూ పడ్డాడు, అతని పిల్లలూ పడ్డారు. ఇంటింటా నీలంవలసవాళ్ళు ఎవరో ఒకరు తల ఎత్తి పట్టుకుని గంజి తాగించారు. ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. మిగతా ఊరు లేచింది. కాళ్ళు ఇంకా తడబడుతుండగానే నాయుడు భొట్లుగారి దగ్గరికి వచ్చి, జ్వరం ఇక ఏ ఊరికి వెళ్తుందో చెప్పమని అడిగాడట.

అంతా విని కూర్మారావు, "అయితే జ్వరం మాత్రం ఆగలేదన్నమాట" అన్నాడు.

"ఆగలేదు," అన్నారు గురువుగారు. "దానికంటే ముందు మనిషి వెళ్ళింది."