గూబకూన కోరిక

ఊఁ కొడుతూ వినండర్రా, నిద్రపోయారో నేను చెప్పను. అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. మొదటి ఇద్దరికీ మణికేతుడనీ, పుష్పకేతుడనీ ముచ్చటైన పేర్లు పెట్టుకున్నాడు. ఏం లాభం? ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడున్నాడు. రాజబిడ్డల ముద్దుపేరు ఎక్కడ వినబడినా వచ్చి వాలేవాడు. ఇద్దర్నీ ఎత్తుకుపోయాడు.

మూడోవాడు పుట్టగానే మంత్రసాని, "అమ్మగారూ, దిష్టి తగలని పేరు పెట్టండి" అంది. పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకోరూ, అలాగన్నమాట. రాణి ఏడుస్తూ "గూబకూన" అని పెట్టింది. గుడ్లగూబ పిల్లంటే ఎవరికి ముద్దు? మాంత్రికుడు అటు తొంగి కూడా చూడలేదు.

పిల్లాడు బతికాడు. కానీ తల్లి వాణ్ణి ఒక్కనాడూ ఒళ్లోకి తీసుకుని "నా తండ్రీ" అనలేదు. అంటే మాంత్రికుడు వింటాడని భయం. వాడికేమో ఆ మాట కోసం ప్రాణం కొట్టుకునేది. దాసి తన కొడుకును "నా బంగారుకొండా" అంటుంటే స్తంభం చాటున నిలబడి వినేవాడు, పాపం.

పెద్దయ్యాక, "అమ్మా, మాంత్రికుణ్ణి చంపి అన్నల్ని తెస్తాను. అప్పుడైనా ముద్దుగా పిలుస్తావా?" అన్నాడు. రాణి తల ఊపింది.

బయల్దేరి వెళుతుంటే అడవిలో గూటినుంచి జారిపడ్డ గుడ్లగూబ పిల్లలు మూడు కనబడ్డాయి. "మీరూ గూబకూనలే, నేనూ గూబకూననే" అని వాటిని గూట్లో పెట్టాడు. తల్లి గూబ వచ్చింది. ఎంత గూబనుకున్నారు, ఏనుగంత! వాడి పేరూ, వెళ్లే పనీ విని, "అయితే నువ్వు నా నాలుగో బిడ్డవు, ఎక్కు నాయనా" అంది. నాయనా అన్నందుకే వాడికి కళ్లనీళ్లు తిరిగాయి.

గూబ ఒక సముద్రం దాటింది, ఇంకో సముద్రం దాటింది, ఏడు సముద్రాలూ దాటింది. "ఆ మాంత్రికుడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది. పంజరం చేతిలోంచి వదలడు, జాగ్రత్త" అని దింపింది.

అప్పుడే మాంత్రికుడు పంజరం పట్టుకుని, మరో పిల్లాడి కోసం గడప దాటుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

"గూబకూనను."

"ఛీ ఛీ! బయల్దేరుతుంటే గూబ పేరా!"

ఎంత మాంత్రికుడైతేనేం, శకునాల పట్టింపు పోతుందా? కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరదామని పంజరం అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లాడు. రాకుమారుడు చటుక్కున చిలక మెడ విరిచాడు. లోపల చెంబు ఖణేల్మంది. మాంత్రికుడి పీడ వదిలింది.

చెర విడిపించిన అన్నలతో గూబనెక్కి ఇంటికొచ్చాడు. రాణి పెద్దవాళ్లిద్దర్నీ కావలించుకుంది. వీడు అలవాటుకొద్దీ దూరంగానే నిలబడ్డాడు. ఆవిడ పరుగున వచ్చి వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "నా తండ్రీ, నా బంగారు కూనా" అంది.

"ఇంకొక్కసారి అనవే అమ్మా" అన్నాడు వాడు.

అన్నలు పట్టుబట్టి తమ్ముడికే పట్టం కట్టారు. చక్కని పిల్లను చూసి పెళ్లి చేశారు. మీసాలు నెరిసేదాకా ఏలాడు. నిండు కొలువులో ఉన్నా సరే, ముసలి తల్లి "కూనా" అని పిలిస్తే చాలు, సింహాసనం దిగి పరుగెత్తేవాడట.