రెండు కొండలు లేని దారి

"అడగ్గానే వచ్చే జవాబు ఎవరిది గురువుగారూ?" అని మాణిక్యాంబ అడిగింది, ముసురు పట్టిన మూడో రోజు మధ్యాహ్నం.

విరూపాక్షయ్యగారు టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఏళ్లు ఇంజనీరుగా చేసి, ఆ తర్వాత ఏటి ఒడ్డున చిన్న ఆశ్రమం కట్టుకున్న మనిషి. అడిగినవాళ్ల ముఖం కాసేపు చూడందే నోరు విప్పేవారు కాదు. ఆ పూటా అలాగే చూశారు. ఆమె ముఖంలో నిబ్బరం కనిపించింది. అదే ఆయనకి నచ్చలేదు.

ఆ నిబ్బరానికి కారణం ఉంది. పైన మన్యంలో, వెలగలమెట్ట మీద, ఆశ్రమం నడిపే ప్రసూతి వైద్యశాల ఉంది. అక్కడి నర్సు భార్గవి మాణిక్యాంబకి ఒక్కగానొక్క కూతురు. ఇద్దరు నిండు చూలాళ్లను చేర్చుకున్నానని ముసురుకి ముందు రోజు ఫోనులో చెప్పింది. మర్నాటికి సెల్ టవర్లు మూగబోయాయి. ఇక మిగిలింది, రెండు కొండల మీదుగా వైద్యశాలకి వేసిన రేడియో లింకు ఒక్కటే. దాన్ని కనిపెట్టుకుని ఉండడం మాణిక్యాంబ పని, గురువుగారే నేర్పారు. కంప్యూటరు నల్ల తెర మీద వైద్యశాల పేరు కొట్టి అక్కడి రేడియో పెట్టెను పిలిస్తే, అది బతికి ఉన్నంతసేపూ "ఉన్నాను" అని బదులిస్తుంది. దాన్ని పింగ్ అంటారు.

"దీపం పెట్టి, నా బిడ్డ క్షేమమేనా స్వామీ అంటాను. అనీ అనకముందే లోపల్నుంచి 'క్షేమమే' అని వినిపిస్తుంది. వచ్చి పింగ్ కొడతాను. అదీ అంతే, టకటకా పలుకుతుంది. లోపలా బయటా ఒకటే మాట. అది స్వామి మాటే కదండీ?"

గుమ్మంలో గోనెసంచి కప్పుకుని నిలబడ్డ జీపు డ్రైవరు సింగన్న ఇక ఉండబట్టలేకపోయాడు. "రెండ్రోజుల బట్టీ బండి తీస్తానంటన్నాను బాబూ. పింగొస్తంది గదా, ఎందుకురా అంటారీ అమ్మగారు. పింగు పురుడు పోస్తదేటి?"

"వాగులో కొట్టుకుపోతావని ఆపాను గానీ, నాకేం సరదానా?" అంది మాణిక్యాంబ.

గురువుగారు లేచి వెళ్లి తెర ముందు కూర్చున్నారు. "కొట్టమ్మా" అన్నారు. ఆమె కొట్టింది. వరుస మీద వరుస బదులు వచ్చి పడింది.

"ఎంతసేపట్లో వస్తోంది?"

"మిల్లీసెకను కూడా పట్టడం లేదండీ."

"ఎండ కాసిన రోజుల్లో?"

ఆమె తడుముకుంది. "ముప్ఫై, నలభై మిల్లీసెకన్లు."

"మరి వానకి వెలగలమెట్ట దగ్గరికొచ్చిందా?"

ఆమె తెర మీది అంకెలకేసి వంగింది. ఆయనే మళ్లీ అడిగారు. "ఈ మూడు రోజుల్లో అక్కడి రోగుల వివరాలు ఒక్కటైనా ఇక్కడికి దిగాయా?"

"లేదండీ. అక్కడి కంప్యూటరుకి కరెంటు లేదేమో అనుకున్నాను."

"ఉన్నాను, ఉన్నాను అంటోంది. మూడు రోజులుగా ఇంకో మాట లేదు" అన్నారాయన మెల్లగా. "ఏ దారిన వస్తోందో అడుగు."

దారి చెప్పమనే కమాండ్ వేరే ఉంది. అది కొడితే మజిలీకొక వరుస చొప్పున నాలుగు వరుసలు రావాలి: ఆశ్రమం గడప, ఏనుగుకొండ, దీపాలకొండ, వైద్యశాల. ఆ రోజు రెండే వచ్చాయి. మొదటిది తమ గడప, రెండోది వైద్యశాల. నడుమ ఉండాల్సిన రెండు కొండలూ లేవు.

మాణిక్యాంబ ఆ రెండు వరుసల్నీ మళ్లీ లెక్కపెట్టింది. "అయితే వైద్యశాల పేరు పెట్టుకుని పలుకుతున్నదెవరండీ?"

"ఎవరో దగ్గరివాళ్లే" అన్నారు గురువుగారు.

కంప్యూటరు పక్కనున్న పెద్ద పెట్టెలోంచి వచ్చిన తీగలను ఆమె ఒక్కొక్కటే వేలితో తడుముకుంటూ పోయింది. ఒక తీగ గోడ వెంట వెళ్లి పూజసామాను బీరువాలోకి దూరింది. తలుపు తీసింది. వత్తుల పొట్లాల వెనక, చీకట్లో, చిన్న పచ్చదీపం రెప్ప కొడుతోంది. తెర మీద ఒక్కో బదులు పడ్డప్పుడల్లా ఇక్కడ ఒక్కో రెప్ప. అప్పుడు గుర్తొచ్చింది. తుపాను మాట వినగానే, కొండమీది పెట్టె పాడైతే వెంటనే పంపడానికి ఉంటుందని, దాని పేరూ దాని చిరునామా పెట్టి రెండో పెట్టెను సిద్ధం చేసింది తనే. పనిచేస్తుందో లేదోనని తగిలించి చూసింది. తీయడం మరిచిపోయింది. మూడు రోజులుగా తను బిడ్డని పిలుస్తూ ఉంటే, తన బీరువాయే ఓ అంటోంది.

"తీసెయ్" అన్నారు గురువుగారు. ఆయన మాత్రం చెయ్యి పెట్టలేదు.

ఆమె తీగ పీకింది. మళ్లీ దారి అడిగితే రెండు కొండలూ పలికాయి. ఆ పైన ఏమీ లేదు. జవాబు లేదు, జవాబు లేదు అంటూ తెర నిండిపోయింది. ఆమె పీట మీద కూలబడింది. "మళ్లీ పెట్టేస్తానండీ" అంది చిన్నపిల్లలా. "అబద్ధమైతేనేం, పలికేది."

గురువుగారు గుమ్మం వైపు చూశారు. బయట సింగన్న అప్పటికే జీపు తీశాడు.

ఆమె తెర ముందునుంచి కదల్లేదు. వాన తెరిపిచ్చింది. సాయంత్రం ఒక్క నిమిషం పాటు పచ్చటి ఎండ పొడిచి మాయమైంది. ఆ నిమిషంలో, వందల మౌనాల మధ్య, ఒక్క బదులు వచ్చింది. దాదాపు రెండు సెకన్లు పట్టింది దానికి. మళ్లీ ఏమీ లేదు. ఆమె ఆ వరుస మీద వేలు పెట్టి, ఏడుస్తూ అలాగే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి సింగన్న అందరినీ దింపుకొచ్చాడు. వైద్యశాల గోడ మొదటి రోజే కూలి, పెట్టెకి కరెంటు పోయింది. భార్గవి చూలాళ్లిద్దరినీ మందుల గదిలోకి చేర్చి, ఎండ పొడిచినప్పుడు సోలారు పలకకి పెట్టెను కట్టి చూసింది. అది ఒక్క ఊపిరి తీసుకుని పోయింది. స్వామి దయ, ఒక తల్లి బిడ్డ కేరుమంటూనే జీపు దిగింది. రెండో తల్లి ఒడి ఖాళీగా ఉంది. ఒక్కరోజు ముందు బండి వచ్చి ఉంటే అని ఎవరూ అనలేదు. ఆ తల్లి కూడా అనలేదు. నాలుగు రోజులుండి, మాణిక్యాంబ ఇచ్చిన గంజి తాగి, తన ఊరికి వెళ్లిపోయింది.

వారం తిరిగాక మాణిక్యాంబ మళ్లీ గురువుగారి ఎదుట కూర్చుంది. కళ్లు గుంటలు పడ్డాయి.

"లోపల ఇంకా పలుకుతూనే ఉందండీ. నేను అడగ్గానే, 'నీ తప్పేం లేదు' అంటోంది."

విరూపాక్షయ్యగారు ఆమె ముఖంలోకి చాలాసేపు చూశారు.

"ఆ మాట అనాల్సిన తల్లి ఊరు ఇక్కడికి ఎంత దూరమమ్మా?" అన్నారు.