సుంకన్న ఎరగని పాదం

అనగనగా ఒక ఊరు. ముగ్గురిని అడిగితే మూడు పేర్లు చెబుతారు గనుక ఆ ఊరి పేరు అడగవద్దు. దాన్ని ఒక పాళెగాడు ఏలేవాడు. ఏ కాలంలో అంటే ఆ ముగ్గురూ మూడు కాలాలు చెబుతారు. రాతి మీద చూద్దామంటే ఒక్క అక్షరం లేదు. సుంకన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముగ్గురిదీ ఒకటే మాట.

సుంకన్న చెప్పులు కుట్టేవాడు. తాత కుట్టాడు, తండ్రి కుట్టాడు, తానూ కుట్టాడు. తాత తన చెప్పు మడమ కింద ఒక ముడి వేసేవాడు. తండ్రి రెండు వేసేవాడు. సుంకన్న మూడు వేసేవాడు. ఆ మూడు ముళ్లూ అట్ట కింద కందిగింజల్లా తేలి ఉండేవి. తడినేల మీద నడిస్తే మూడు చుక్కలు పడేవి.

ఆ రోజుల్లో సుంకన్న కులంవాడు పరుల కాలు పట్టి కొలవడానికి లేదు. తోలును అతని చేయి తాకవచ్చు, ఆ తోలు వాళ్ల కాలిని తాకవచ్చు, చేయి మాత్రం కాలిని తాకరాదు. అందువల్ల సుంకన్న నేల మీద జల్లించిన బూడిద పరిచి, దూరంగా కూర్చునేవాడు.

"మూడడుగులు వేయండి సామీ" అనేవాడు.

మొదటి అడుగు పొడవు చెబుతుంది. రెండో అడుగు వెడల్పు చెబుతుంది. మూడో అడుగు మనిషిని చెబుతుంది. ఎందుకంటే మొదటి రెండూ మనిషి చూసుకుని వేస్తాడు. మూడోది మరిచిపోయి వేస్తాడు. సుంకన్న ఆ మూడో అడుగుకే చెప్పు కుట్టేవాడు. అతని చెప్పు ఒక్కరినీ కరిచింది లేదు.

ఒక ఏడు వాన ముఖం చాటేసింది. ఊరంతా సగం కడుపుతో పడుకుని, విత్తనాల జొన్నలను మాత్రం నేలలో తవ్విన పాతరలో దాచిపెట్టింది. పాతర మూతికి తడిమట్టి మెత్తి, తలారి కదిరప్పను కాపలా పెట్టారు. ఒక ఉదయం చూస్తే, ఎప్పుడో ఎండిపోయిన మట్టి మళ్లీ తడిగా ఉంది. పాతర తెరిచారు. విత్తనం సగానికి సగం లేదు. తొక్కి సదిరిన ఆ మట్టి అంచున ఒక చెప్పు గుర్తు ఉంది. మడమ దగ్గర మూడు చుక్కలు ఉన్నాయి.

పాళెగాడు సుంకన్నను పిలిపించాడు.

"ఇది ఎవరి పనితనం రా?"

సుంకన్న వంగి చూశాడు. పదిమందిలో తన పనితనం అడిగేసరికి అతని గుండె పొంగింది.

"నాదే దొరా. ఈ మూడు ముళ్లు ఇంకెవరికీ రావు. మొన్న ముల్లు దిగితే మాటు కూడా నేనే వేసినా, ఇదో."

"ఎవరికి?"

"మన కదిరప్పకు" అన్నాడు సుంకన్న. అన్న తరువాత తన నోట ఏం వచ్చిందో తన చెవికి వినిపించింది.

"చలిజ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నా దొరా" అని కదిరప్ప మొత్తుకున్నాడు. "చెప్పులు గడప బయటనే ఉన్నాయి."

"సాక్షి?"

"నా పెండ్లాం."

పెండ్లాం సాక్ష్యం చెల్లదన్నారు. ఏ కాలు పాతర తొక్కిందో ఆ కాలు మరునాడు మధ్యాహ్నం తీయించాలన్నారు.

కదిరప్ప భార్య గంగులమ్మ సుంకన్న గుడిసె ముందుకు వచ్చి నిలబడింది. ఏడవలేదు.

"ఏమప్పా సుంకన్నా! ఆ మనిషి నా మెడలో మూడు ముళ్లు వేసినాడు. నువ్వు చెప్పుకు మూడు ముళ్లు వేసినావు. నీ ముళ్లే గట్టివి. బాగా కుట్టినావు నాయనా, బాగా కుట్టినావు."

 సుంకన్న ఆడిన మాట అబద్ధం కాదు. అయినా ఆ నిజం కదిరప్ప కాలి మీదికి వచ్చింది. లేచి పాతర దగ్గరికి పోయాడు. మొదటిసారి చూస్తే తన ముళ్లు కనిపించాయి. రెండోసారి చూస్తే తన చెప్పు కనిపించింది. మూడోసారి తనను తాను పక్కకు నెట్టి చూశాడు. అప్పుడు కాలు కనిపించింది.

మరునాడు మధ్యాహ్నం కదిరప్పను తెచ్చి కాలు తీసే మొద్దు ముందు కూర్చోబెట్టారు. సుంకన్న జనాన్ని దాటి వచ్చి, దూరంగా నిలబడి, దండం పెట్టాడు.

"దొరా, నిన్న మీరు అడిగినదానికి చెప్పినా. అడగనిదానికి ఈరోజు చెబుతా."

"మాట మారుస్తావేమిరా?"

"మార్చను సామీ. చెప్పు కదిరప్పదే. కాలు కదిరప్పది కాదు."

పాళెగాడి పక్కన కూర్చున్న బావమరిది కొండమనాయుడు పకపకా నవ్వాడు. ఆ ఊళ్లో సుంకన్న చెప్పులు మాని పట్నం పాపోసులు తొడిగేది ఆయన ఒక్కడే.

"విన్నారా బావా! చెప్పు ఒకరిదట, కాలు ఒకరిదట. రేపు తల ఒకరిది, తలపాగా ఒకరిది అంటాడు."

"అదీ ఉంటుంది సామీ. అరువు తలపాగాలు శానా చూసినా" అన్నాడు సుంకన్న.

జనం నవ్వు మింగుకున్నారు. పాళెగాడు మాత్రం నవ్వలేదు. "విప్పి చెప్పు" అన్నాడు.

"కదిరప్ప బొటనవేలు అదిమి నడుస్తాడు దొరా. ఆయప్పకు మడమ అరగదు. పాతర దగ్గర వేళ్ల తావు బోసిగా ఉంది, మడమ బయటి అంచు లోతుగా దిగింది. కాలు చెప్పుకంటే రెండు వేళ్లు పొట్టి."

"అయితే ఆ కాలు ఎవరిది?"

"నాకు తెలీదు."

"తెలీకుండా వచ్చినావా!"

"తెలీదు గనుకనే వచ్చినా. ఈ ఊళ్లో నా బూడిద తొక్కనివారు లేనట్టే. మీరు తొక్కినారు, అమ్మగారు తొక్కినారు, నిన్నమొన్న నడక నేర్చిన పిల్లలు తొక్కినారు. అన్ని కాళ్లూ నాకు ఎరికే. ఈ కాలు నేనెరగను. నేనెరగని పాదం ఈ ఊళ్లో ఒకటే ఉంది దొరా."

ఎవరూ ఎవరినీ చూపించలేదు. అందరి చూపులూ పట్నం పాపోసుల మీదికి పోయాయి.

"తప్పయితే?" అన్నాడు పాళెగాడు.

"కదిరప్ప కాలితో పాటు, ముళ్లు వేసిన నా చేయి కూడా తీయించండి."

బూడిద పరిచారు. "విప్పు" అన్నాడు పాళెగాడు. కొండమనాయుడు పాపోసులు విప్పాడు. మొదటి అడుగు బొటనవేలు అదిమి వేశాడు. రెండో అడుగూ బొటనవేలు అదిమి వేశాడు. గంగులమ్మ కళ్లు మూసుకుంది. సుంకన్న మూడో అడుగు పడే చోటునే చూస్తున్నాడు. గండం గడిచిందనుకుని కొండమనాయుడు మూడో అడుగు వేశాడు. మడమ బయటి అంచు బూడిదలో లోతుగా దిగింది.

పాళెగాడే లేచి, పుల్ల తీసుకుని బూడిదలో మడమ అంచు నుంచి ఒత్తుడు ఆగిన చోటి దాకా కొలిచాడు. పాతర దాకా నడిచి అక్కడి గుర్తు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. బావమరిది గడ్డివాము పెరికిస్తే కింద జొన్నలు దొరికాయి.

ఊరంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. విత్తనం దొరికింది, కాలు దక్కింది. కట్లు విప్పినా కదిరప్ప మొద్దు ముందే కూర్చుండిపోయాడు. సుంకన్న ముందుకు పోయి, ఏమీ ఆలోచించకుండా, ఆ కాలిని రెండు చేతులా పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చేత్తో తాకిన మొదటి పరాయి కాలు అదే. ఆ కాలు వదలమన్నవారు లేరు. గంగులమ్మ అప్పుడు ఏడ్చింది.

"ఇక ఈ నాయుడి కాలు తీయిద్దామా?" అన్నాడు పాళెగాడు.

"వద్దు దొరా" అన్నాడు సుంకన్న. "ఇప్పుడేగా కొలత దొరికింది. చెప్పులు కుట్టనీయండి."

సుంకన్న కుట్టిన చెప్పులతోనే కొండమనాయుణ్ణి పొలిమేర దాటించారు. ఎటు పోయినా వెనుక మూడు చుక్కలు పడతాయి గదా. ఆ ఏడు ఆలస్యంగానైనా వాన వచ్చింది. ఉన్న విత్తనం పొలాలన్నిటికీ చాలింది.

కాలం తీరి సుంకన్న పోయిననాడు, ఇంటికొక దోసెడు బూడిద తెచ్చి అతని గుడిసె నుంచి పాతిపెట్టే చోటి దాకా దారి పొడవునా చల్లారట. అన్ని కులాలవాళ్లూ ఆ బూడిద మీద నడిచారట. అన్ని కులాలవాళ్లూ నడిచారన్న మాట దగ్గర ముగ్గురిలో ఒకరు తల అడ్డంగా ఊపుతారు. బూడిద చల్లారన్నది మాత్రం ముగ్గురూ ఒప్పుకుంటారు.

నేటికీ ఆ సీమలో కొత్త చెప్పులు ఇంటికి వస్తే, తొడిగే ముందు వాకిట్లో చిటికెడు బూడిద చల్లి, ఉత్తకాళ్లతో మూడడుగులు వేస్తారు. ఎవరి మీదైనా నింద పడి, రుజువు చేతికి దొరికిందని నలుగురూ ఎగబడితే, పెద్దవాళ్లలో ఒకరు గొంతు సవరించుకుంటారు.

"చెప్పు సరే నాయనా," అంటారు. "కాలు ఎవరిదో చూసినారా?"