సోమవారం ఒద్దిక

ఒక ఊళ్ళో అన్నీ తాటాకు ఇళ్ళే. ఏటా ఎండాకాలంలో ఒకటో రెండో అంటుకునేవి. మంట కనబడగానే అందరూ ఒక్కసారిగా బావి మీద పడేవాళ్ళు. ఒకరి బిందె ఒకరికి తగిలి నీళ్ళన్నీ బావి గట్టునే ఒలికిపోయేవి.

ఆ ఊరి పెద్ద ఒకసారి పక్క ఊళ్ళో నాటకం వాళ్ళని చూసొచ్చాడు. చూసింది నాటకం కాదు, నాటకానికి ముందు వాళ్ళు చేసుకునే ఒద్దిక. రాజు వేషగాడు లుంగీతోనే సింహాసనం ఎక్కాడు. చేతిలో కర్రని కత్తి అన్నాడు. తలకి చుట్టిన తువ్వాలుని కిరీటం అన్నాడు. అయినా ఎవరెక్కడ నిలబడాలో, ఎవరి తరవాత ఎవరు రావాలో అంతా తేలిపోయింది. పెద్దకి అది తెగ నచ్చింది.

"ఒద్దిక అంటే తెలుసా? పని నెత్తిన పడక ముందే ఆ పని చేసి చూసుకోవడం," అని ఊరందరినీ పోగేసి చెప్పాడు. "ఇకమీదట ప్రతి సోమవారం పొద్దున మన ఊళ్ళో ఒక ఇల్లు అంటుకుంటుంది. అంటే, అంటుకుందనుకుంటాం. బావి నుంచి ఆ ఇంటిదాకా వరసగా నిలబడి బిందెలు అందించుకోవాలి."

"ఎవరిల్లు?"

ఎవరూ తమ ఇంటి పేరెత్తలేదు. ఉత్తుత్తికైనా సరే, అంటుకుందని ఎవరనుకుంటారు? చివరికి ఊరి చివర ఒంటరిగా ఉండే అవ్వ, "సరేలే, నా ఇల్లనుకోండి," అంది. ఊరందరి విత్తనపు జొన్నలూ ఆవిడ అటక మీదే ఉండేవి. బూడిద కలిపి, వేపాకు వేసి, పురుగు పట్టకుండా కుండల్లో దాచడం ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మొదటి సోమవారం డప్పు మోగింది. నిండు బిందెలు చేతులు మారాయి. వరస సగం దాకా రాకముందే చీరలు తడిశాయి, పంచెలకి బురదంటింది, ఒకాయన జారి చతికిలబడ్డాడు.

"ఒద్దికకి ఇంత తడుపెందుకండీ? నీళ్ళున్నాయనుకుంటే పోలా?" అన్నారు జనం.

పెద్ద ఆలోచించాడు. కత్తి లేకుండానే నాటకం వాళ్ళు యుద్ధం చేశారు కదా అనుకున్నాడు. రెండో సోమవారం నుంచి ఖాళీ బిందెలే.

అప్పట్నుంచి ఒద్దిక చూడముచ్చటగా సాగింది. డప్పు దెబ్బకో బిందె. ఒక్కటీ కింద పడేది కాదు. వరస పక్కనే నడుస్తూ పెద్ద, "ఏయ్, నువ్వు కాస్త లోపలికి! వంకర పోతోంది," అనేవాడు. చివర నిలబడ్డ మనిషి అవ్వ ఇంటి చూరు మీదికి ఖాళీ బిందె వంచేవాడు. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయేవాళ్ళు.

అవ్వ మాత్రం గుమ్మంలో నిలబడి వారం వారం గొంతు చించుకునేది. "ఒక్క చుక్కన్నా పోయండిరా!"

"పోశాం కదే అవ్వా!"

"ఏదీ? నా చూరు చిటచిటలాడిపోతోంది."

బావి దగ్గర నిలబడే, ఆ ఊరికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలుపిల్ల నవ్వేది. "ఇది ఒద్దికే అవ్వా. అసలు రోజున పోస్తాంగా. ఇవాళ్టికి నీళ్ళున్నాయనుకో."

"చేద లోపలికి దిగి పైకి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆ డప్పు కొట్టేవాడికి తెలుసా తల్లీ?"

"చేదేశాననుకోవే!"

ఒకనాడు ఆవిడ ఓపిక నశించి ఊరి పెద్ద ఇంటికే వెళ్ళింది.

"నాయనా, ఆ నాటకం వాళ్ళు కత్తి ఉందనుకున్నారు, బాగానే ఉంది. పద్యం కూడా పాడామనుకున్నారా, పాడారా?"

పెద్ద గుర్తు తెచ్చుకున్నాడు. "పాడారు. గొంతెత్తి పాడారు. తప్పు పోయినచోట మళ్ళీ మళ్ళీ పాడారు."

"మరి మన పద్యం ఏది నాయనా? బిందా, నీళ్ళా?"

"నీతో నేను వాదించలేను గానీ, వరస చూశావా? దారం పట్టి గీసినట్టుంది."

అవ్వ నెత్తి కొట్టుకుని వచ్చేసింది.

ఎండలు ముదిరిన ఒక గురువారం మిట్టమధ్యాహ్నం, గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వ ఒకటి అవ్వ ఇంటి చూరులో పడింది. డప్పు మోగింది. "ఇవాళ గురువారం కదా!" అంటూనే పరిగెత్తాడొకడు. అందరూ ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. వరస దారం పట్టి గీసినట్టే ఉంది.

కోడలుపిల్ల బావిలో చేద వేసింది. అది ఇంకా నీళ్ళని తాకనే లేదు, డప్పు దెబ్బ పడింది. పక్కనున్న చెయ్యి అలవాటు కొద్దీ ఆమె కాళ్ళ దగ్గరి బిందె అందుకుంది. ఇంకో దెబ్బ, ఇంకో బిందె. "ఆగండి, నింపనివ్వండి!" అని ఆమె అరిచింది. డప్పు మోతలో ఎవరికి వినబడుతుంది? చివరి మనిషి మంట మీదికి బిందె మీద బిందె వంచాడు. పది వంచాడు, నలభై వంచాడు.

"పోయండిరా!" అని అరిచింది అవ్వ.

"పోస్తూనే ఉన్నాం కదే!" అన్నాడు చెమటలు కక్కుతూ.

ఇల్లు కూలాక డప్పు ఆగింది. ఎవరో చప్పట్లు కొట్టబోయి చేతులు వెనక్కి తీసుకున్నారు.

ఊరి పెద్ద బూడిద చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఒద్దిక చాల్లేదు. ఇకనుంచి వారానికి రెండుసార్లు."

అవ్వ బూడిదలోంచి విత్తనాల కుండ ఒకటి ఏరుకుంది.

తొలకరి పడింది. జనం ఎప్పట్లాగే విత్తనాల కోసం అవ్వ దగ్గరికి వచ్చారు. ఎక్కడో కొంత దాచే ఉంటుందనుకున్నారు. కాలిన స్థలంలో నాలుగు గుంజలు పాతి, పైన కొబ్బరాకులు కప్పుకుని ఉంటోంది ఆవిడ. ఎవరూ చెప్పకుండానే వరసగా నిలబడి తువ్వాళ్ళూ కొంగులూ చాపారు. ముందు పెద్ద.

అవ్వ మసిబారిన కుండలో మానిక ముంచింది. తీసి, ఊరి పెద్ద తువ్వాల్లో వంచింది.

"అవ్వా, ఇందులో గింజ లేదే!"

"ఉందనుకో నాయనా," అంది. అని పక్కమనిషి దగ్గరికి జరిగింది.

ఒక్కొక్కరూ తమ వంతు రాగానే తువ్వాలు పట్టారు. కోడలుపిల్ల మాత్రం చాపిన కొంగు వెనక్కి లాక్కుంది. వరసలోంచి బయటికొచ్చి, నాలుగు గింజలు అడిగి తేవడానికి పుట్టింటి దారి పట్టింది. పిలిచినా వెనక్కి చూడలేదు.

పెద్ద ఆ ఖాళీ వైపు చూశాడు. "వరస చెడింది. కాస్త జరగండి," అన్నాడు.

జరిగారు. అందరూ తువ్వాళ్ళకి ముడులేసుకున్నారు. డప్పాయన ముందు నడిచాడు. నాగళ్ళ వెనక, దెబ్బకో పిడికిలి విప్పుకుంటూ, పొద్దు వాలేలోగా పొలాలన్నీ విత్తేశారు.

ఆ ఏడు ఆ ఊళ్ళో ఒక్క సాలు కూడా వంకర పోలేదు.