మంత్రిగారు స్వయంగా చదివిన ఉత్తరం

కందవరం కోట ముందు మంత్రి విరూపాక్షయ్య దినచర్యను రోజూ పొద్దున్నే డప్పు కొట్టి చాటేవారు. "మంత్రిగారు మధ్యాహ్నం దాకా ప్రజల ఉత్తరాలు స్వయంగా చదువుతారహో" అని. ఆ వేళకు ఆయన కాళ్లు పట్టించుకుంటూ కునుకు తీసేవాడు. గుమాస్తాలు ఉత్తరాలు విప్పకుండానే అందరికీ ఒకే జవాబు పంపేవారు: "స్వయంగా చదివాను. కోరినట్టే చేయిస్తాను."

కాలువ తూము పగిలి పొలాలు ఎండుతున్నాయని రైతు నాంచారమ్మ మూడుసార్లు రాసింది. మూడుసార్లూ అదే జవాబు. నాలుగోసారి ఉత్త తెల్లకాగితం మడిచి పంపింది. మంత్రి ముద్రతో మళ్లీ అదే జవాబు వచ్చింది.

దాన్ని పట్టుకుని ఆమె రాజుగారి కొలువుకెళ్లింది.

"ఈమె ఉత్తరం చదివావా?" అని రాజు మంత్రిని అడిగాడు.

"ఒక్క అక్షరం కూడా వదల్లేదు ప్రభూ."

"తూము బాగయ్యేదాకా తమరే బురదలో నిలబడి పని చేయించాలని అందులో అడిగాను కదండీ? కోరినట్టే చేయిస్తానన్నారు" అంది నాంచారమ్మ.

మంత్రి "అవును, అడిగింది" అన్నాడు.

పదిరోజులు బురదలో నిలబడి వచ్చాక ఆయన ఆ ఉత్తరం వెతికించి విప్పాడు. రెండువైపులా ఖాళీ. మండిపడుతూ రాజుగారితో చెప్పడానికి లేచాడు. ఒక్క అక్షరం కూడా వదల్లేదని తనన్నది గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు.